నూట ఎనిమిది చిల్లుల పెళ్ళినావ

ఆ గురువారం పొద్దున్న బుల్లియ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎండెక్కకముందే నావ దించి, ఏటికి అడ్డంగా వల వదిలి, గంగమ్మ కరుణిస్తే ఒక పులస, కరుణించకపోతే నాలుగు చిల్లర చేపలు పట్టుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తినడం. అంతే.

ఏట్లోకి ఎర్రనీరు దిగి అయిదు రోజులైంది. సముద్రంలో తిరిగే పులస ఆ నీటి రుచి తెలుసుకుని గోదావరిలోకి ఎదురీదుకుంటూ వస్తుంది. రెండు నెలలు మాత్రమే వస్తుంది. మిగిలిన పది నెలలూ జాలరి ఆ రెండు నెలల గురించి మాట్లాడుకుంటూ బతుకుతాడు. బుల్లియ్య వేసవిలోనే నావకి పాత చెక్కలు తీయించి కొత్తవి వేయించాడు, తారు పూయించాడు. భార్య పెద్దింట్లమ్మ చద్దన్నం మూట కట్టిచ్చి, "ఇయ్యాల ఉత్త చేతుల్తో వచ్చావంటే గుమ్మంలోనే నిలబెడతాను" అని సాగనంపింది.

రేవుకి దారి సత్యప్రసాద్ గారి కొబ్బరితోటలోంచే. ఆ తోటలోనే నిరుడు ఆయన ఒక ఫంక్షన్ హాలు కట్టించారు. ఎవరైనా అయితే ఏటిగట్టుకి ఊరివైపు కడతారు. ఊరివైపు నుంచి ఏరు కనబడదు గనక ఆయన గట్టుకీ ఏటికీ మధ్యన కట్టించి, 'సూర్యకళా రివర్ వ్యూ గార్డెన్స్' అని భార్య పేరు పెట్టారు. పునాదులు తీస్తున్నప్పుడే బుల్లియ్య, "బాబుగారూ, ఈ జాగా ఏటిదండి" అన్నాడు. ఆయన నవ్వి దస్తావేజు చూపించారు. దస్తావేజు చదవడం బుల్లియ్యకి రాదు. ఏటికి కూడా రాదన్న సంగతి ఆయనకి తట్టలేదు.

ఆ పొద్దున్న రేవులో సత్యప్రసాద్ గారే ఎదురుగా నిలబడి ఉన్నారు. పక్కన నల్లకళ్ళద్దాల కుర్రాడొకడు చంకలో ఆల్బమూ, నడుముకి సెల్‌ఫోనూ పెట్టుకుని నావ చుట్టూ తిరుగుతూ, గేదెని బేరం చేసేవాడిలా అక్కడక్కడా తట్టి చూస్తున్నాడు. రాజమండ్రిలో పెళ్ళి డెకరేషన్లు చేసే బుజ్జిబాబు అతను.

"ఏరా బుల్లియ్యా, ఆదివారం మా దుర్గాశ్రీ పెళ్ళి. నీ నావ అప్పటిదాకా కావాలి" అన్నారు సత్యప్రసాద్ గారు.

"ఆయ్, అలాగేనండి. ఎంతమందిని దాటించాలండి?"

"దాటించక్కర్లేదు. హాల్లో పెట్టాలి."

బుల్లియ్య తను సరిగ్గా విన్నాడో లేదోనని చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "హాల్లో నావెందుకండి బాబూ? అక్కడ నీళ్ళుండవు గదండి."

"థీమ్ అండి" అన్నాడు బుజ్జిబాబు.

ఆ థీమ్ వెనక చాలా కథ నడిచింది. పెళ్ళికొడుకు తండ్రి వీరవెంకటసత్యనారాయణ గారు ఈ మధ్య హైదరాబాదులో ఒక పెళ్ళి చూసొచ్చారు. పెళ్ళన్నాక థీమ్ ఉండాలనీ, అది వేదికకి అతికినట్టు ఉండాలనీ అప్పటి నుంచి పట్టుకున్నారు. బుజ్జిబాబు మొదట ధర్మాకోలు ఒంటెలతో రాజస్థాన్ కోట వేస్తానన్నాడు. "గోదారి ఒడ్డున ఒంటెలేంటండీ, మనవాళ్ళు నవ్వరూ?" అన్నారు వియ్యంకుడు. సూర్యకళ గారు పాలసముద్రమూ వైకుంఠమూ కావాలన్నారు. పెళ్ళి పీటల మీద ఆదిశేషుడేంటని ఆయనే కొట్టిపారేశారు. చివరికి గోదావరి థీమ్ ఖాయమైంది. వధూవరులు నావలో కూర్చుంటారు. పైన వలల పందిరి. నావ కొత్తది కొనొచ్చు గానీ, వాడిన నావైతేనే సహజంగా ఉంటుందని బుజ్జిబాబు పట్టుబట్టాడు.

బుల్లియ్య ఏటి వంక చూశాడు. నీళ్ళు ఎర్రగా, చిక్కగా, అతన్ని రమ్మన్నట్టే పోతున్నాయి. కాదంటే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. రేవుకి దారి ఎవరిదో అందరికీ తెలుసు.

"ఆయ్" అన్నాడు.

ఆ మాటకి గోదావరి జిల్లాల్లో చాలా అర్థాలున్నాయి. వద్దు అనే అర్థం మాత్రం లేదు.

ట్రాక్టరు ట్రక్కు మీద నావ హాల్లోకి వెళ్ళింది, వెనకాలే వలలూ వెళ్ళాయి. ఉత్త చేతుల్తో ఇంటికొచ్చిన బుల్లియ్యని పెద్దింట్లమ్మ అన్న మాట ప్రకారం గుమ్మంలోనే నిలబెట్టింది. "నావిచ్చేసి వచ్చావా? చేతులు కూడా ఇచ్చేసి రాలేకపోయావా, ఇంక వాటితో పనేంటి?"

"నాల్రోజులేనే. పెళ్ళికి మనల్ని కూడా రమ్మన్నారు."

నిజానికి ఎవరూ రమ్మనలేదు. తన నావే పెళ్ళిపీట అయినప్పుడు వేరే పిలవాలా అని అతను అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న నావ ఎలా ఉందో చూసుకుందామని వెళ్ళాడు. సూర్యకళ గారు ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. నావలో చేపల వాసన వస్తోందట. ముందు ఫినాయిలుతో కడిగారు. ఫినాయిలు కంపు పోవడానికి పన్నీరు జల్లారు. మూడు వాసనలూ కలిసి నాలుగోది ఒకటి పుట్టింది. ఇక నలుపు శుభానికి పనికిరాదని తారు మీద వెండిరంగు వేశారు. వలలు పొడుగెక్కువయ్యాయని కత్తిరించి తెరలుగా కట్టారు. బుల్లియ్య నోరు తెరిచేలోపు ఎలక్ట్రీషియను డ్రిల్లింగ్ మిషను తెచ్చి నావ పక్క చెక్కకి ఆనించాడు.

"అయ్యయ్యో, బాబూ, ఏం చేస్తున్నారండి!"

"సీరియల్ బల్బులండి. మొత్తం నూట ఎనిమిది. అష్టోత్తరం కదా, శుభమని అమ్మగారు చెప్పారు" అన్నాడు బుజ్జిబాబు.

"చిల్లులు పెడితే నీళ్ళు రావాండి?"

బుజ్జిబాబు హాలంతా కలియజూశాడు. కింద మార్బుల్, పైన ఫ్యాన్లు. "ఇక్కడ నీళ్ళెక్కడివి బుల్లియ్య గారూ!"

అతను 'గారు' అన్నందుకు బుల్లియ్య తిట్టలేకపోయాడు. ఒక్కొక్క చిల్లికీ పళ్ళు బిగపట్టుకుంటూ డెబ్బైదాకా లెక్కపెట్టి, ఇంక చూడలేక వచ్చేశాడు.

శనివారం పొద్దున్న రేవులో మెట్లు రెండే కనబడ్డాయి. నిన్న ఆరు కనబడ్డాయి. నీళ్ళ మీద నురగ కట్టలు కట్టలుగా వస్తోంది, ఎక్కడెక్కడి గుర్రపుడెక్కో చాపల్లా కొట్టుకొస్తోంది. రేడియోలో భద్రాచలం దగ్గర గంటగంటకీ పెరుగుతోందన్నారు. జాలరిపేటలో మిగిలిన నావలన్నీ లంకల్లో జనాన్నీ గొడ్లనీ తేవడానికి దిగువకి పోయాయి. బుల్లియ్య పరుగున సత్యప్రసాద్ గారి దగ్గరికెళ్ళాడు.

"బాబుగారూ, పెద్దనీరు వస్తందండి. పెళ్ళి ఊళ్ళోకి మార్చుకోండి బాబూ."

సత్యప్రసాద్ గారు మగపెళ్ళివారికి గదుల తాళాలు లెక్కచూసుకుంటున్నారు. తలెత్తలేదు. "ఆదివారం సాయంత్రం నీ నావ నీకిచ్చేస్తానన్నాను కదరా. రోజుకో వంక పెట్టుకొస్తావేంటి?"

"వంక కాదండి..."

"మొన్న హాల్లో నీళ్ళుండవన్నావు. నిన్న చిల్లులన్నావట. ఇవాళ వరదంటున్నావు. రేపేమంటావు, భూకంపమా?"

సూర్యకళ గారికి చెబితే, శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే ఆ పాడు మాటలేంటని కసురుకున్నారు. చివరికి బుల్లియ్య బుజ్జిబాబుని పట్టుకున్నాడు. "బాబూ, నురగ వస్తందండి. తెల్లారేసరికి ఈ గడ్డిదాకా నీళ్ళొస్తాయండి."

బుజ్జిబాబు మొహం వెలిగిపోయింది. "లాన్ దాకానా? నిజంగా గోదావరే వస్తుందా? నీళ్ళ కోసం మనం పంపు పెట్టక్కర్లేదన్నమాట! ముహూర్తం పదీ నలభై రెండుకండి. అప్పటికి వచ్చేలా చూడండి."

ఆ మాటతో బుల్లియ్య ఇంకెవరికీ చెప్పలేదు.

ఆదివారం తెల్లవారుతూనే అతను మల్లెపువ్వు లాంటి చొక్కా వేసుకుని, అంచు పంచె కట్టుకున్నాడు. పెద్దింట్లమ్మ కూతురి పెళ్ళికి కొన్న పట్టుచీర కట్టింది. గుమ్మం దగ్గరే బుజ్జిబాబు ఎదురొచ్చి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు.

"మీరు ఈ పక్కకి రాకూడదండి. థీమ్‌కి అడ్డం."

"నావ మాదేనండి" అంది పెద్దింట్లమ్మ.

"తెలుసండి. కానీ చూసేవాళ్ళకి జాలరి జాలరిలా కనబడాలి కదా. మీరు తెల్లచొక్కా వేసుకొచ్చారు. అందుకే మేం ఆర్టిస్టుని పెట్టుకున్నాం."

నావ పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు. రాజమండ్రిలో నాటకాలాడే చిట్టియ్య. మోకాళ్ళ పైకి గళ్ళ లుంగీ, తలకి ఎర్రపాగా, అంటించిన మీసం. తెడ్డు తిరగేసి పట్టుకున్నాడు. బుల్లియ్య దాన్ని సరిచేయబోతే, "తాకకండి, పోజు సెట్ చేశాం" అన్నాడు వీడియో తీసేవాడు. మొగుడూ పెళ్ళామూ వెళ్ళి వంటశాల వెనక అరుగు మీద కూర్చున్నారు. ఎవరో రెండు విస్తళ్ళు వేశారు. వడ్డించడం మరిచిపోయారు.

ఎనిమిదిన్నరకి లాన్‌లో కుర్చీల కాళ్ళ కింద సన్నగా నీళ్ళు మెరిశాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. మగపెళ్ళివారి ఆడవాళ్ళు చీరలు కాస్త ఎత్తిపట్టుకుని, "ఎంత బాగా చేశారో, నీళ్ళు కూడా పెట్టారే!" అనుకున్నారు. వీరవెంకటసత్యనారాయణ గారు బుజ్జిబాబు చెయ్యి పట్టుకుని ఊపేశారు. "వేదికకి అతికిన థీమ్ అంటే ఇదయ్యా! హైదరాబాదు వాడికి ఇది చేతనవుతుందా?"

బుజ్జిబాబు వినయంగా తల వంచాడు. సత్యప్రసాద్ గారు అతను ఏ పంపు తిప్పాడోననుకుని, చెప్పకుండా తిప్పినందుకు కోపం వచ్చినా, వియ్యంకుడు మెచ్చుకున్నాడు గనక ఊరుకున్నారు. నీళ్ళు చీలమండ దాటాయి. వంటశాలలో పొయ్యిలు చుయ్యిమని ఆరిపోయాయి. పనసపొట్టు కూర గుండిగ ఒకటి అతిథుల మధ్యలోంచి నెమ్మదిగా, ఎవరినీ పలకరించకుండా వెళ్ళిపోయింది. దాని వెనకే గుర్రపుడెక్క మీద చుట్టచుట్టుకుని ఒక పాము వచ్చింది.

అప్పుడు అరుపులు లేచాయి. సత్యప్రసాద్ గారు గేటు వైపు పరుగెత్తారు. హాలు ఉన్నది కాస్త మెరక. హాలుకీ గట్టుకీ మధ్య ఉన్న పల్లంలో కార్ల పైకప్పులు మాత్రమే కనబడుతున్నాయి. ఆ పల్లంలోంచి ఏరు ఉరకలేస్తూ పోతోంది. ఆఫీసులకి ఫోన్లు చేస్తే లాంచీ వేరే మండలంలో ఉందన్నారు.

"నావ! నావుంది కదా!" అని ఎవరో కేకేశారు.

కుర్రాళ్ళు పదిమంది పూలదండలతో సహా నావని ఈడ్చుకొచ్చి నీళ్ళలోకి తోశారు. మర్యాద తప్పకూడదని ముందు వీరవెంకటసత్యనారాయణ గారిని ఎక్కించారు. పిలవకుండానే చిట్టియ్య కూడా ఎక్కాడు, అతనికి ఈత రాదు. నావ నాలుగు బారలు పోయింది. అంతలో రెండు పక్కల నుంచీ నూట ఎనిమిది ధారలు ఒక్కసారి చిమ్మాయి. చూడ్డానికి ఎంత అందంగా ఉందంటే వీడియో తీసేవాడు ఏడవడం మానేసి తీశాడు. నావ ఒద్దికగా కిందికి దిగింది. పట్టుపంచెతో మొలలోతు నీళ్ళలో కూర్చున్న పెళ్ళికొడుకు తండ్రి, "ఇది కూడా థీమేనా బావగారూ?" అని అడిగారు. ఈసారి గొంతులో మెచ్చుకోలు లేదు.

"బుల్లియ్యా! బుల్లియ్య ఎక్కడ్రా!"

మూడు రోజులుగా అందరికీ అడ్డమొచ్చిన మనిషి కోసం అందరూ వెతికారు. వంటశాల వెనక ఖాళీ విస్తరి ముందు దొరికాడు. సత్యప్రసాద్ గారు అతని రెండు చేతులూ పట్టుకున్నారు. "తప్పయిపోయింది బుల్లియ్యా. పిల్లలున్నారు. ఏదైనా చెయ్యి."

ఇన్నాళ్ళలో ఆయన 'రా' లేకుండా పిలవడం అదే మొదలు. బుల్లియ్యకి కోపం చాలా ఉంది. కానీ పెళ్ళికూతురు మెట్టు మీద నిలబడి నీళ్ళని చూస్తూ వణికిపోతోంది. ఆ పిల్ల చిన్నప్పుడు రేవులో జారితే జుట్టు పట్టుకుని లాగింది తనే.

నావ వెనక్కి లాగించి, బల్బులు పీకించి, బోర్లా తిప్పించాడు. చిల్లిలో వేలు పెట్టి చూశాడు. "తాంబూలాల బుట్ట తేండి. నిండు వక్కలు కావాల" అన్నాడు. మల్లెపువ్వు లాంటి చొక్కా విప్పి, పీలికలు పీలికలుగా చింపాడు. పెద్దింట్లమ్మ ఒక్కొక్క వక్కకీ పీలిక చుట్టి అందిస్తుంటే అతను చిల్లిలో పెట్టి, దిగగొట్టడానికి ఏదీ కనబడక సన్నికల్లు పొత్రం అందుకున్నాడు.

"ఒరేయ్, అది తంతుకి కావాలిరా!" అని పంతులుగారు అరిచారు.

"మీరు కావాలా, తంతు కావాలాండి?" అంది పెద్దింట్లమ్మ. పంతులుగారు ఆలోచించుకుని ఊరుకున్నారు. డెబ్బయ్యో చిల్లికి చొక్కా అయిపోయింది. ఆవిడ పట్టుచీర చెంగు చర్రున చింపింది.

తర్వాత బుల్లియ్య గెడ పట్టుకున్నాడు. పిల్లలూ ముసలివాళ్ళూ మొదటి రెండు దఫాలకీ గట్టెక్కారు. మూడో దఫాకి వీరవెంకటసత్యనారాయణ గారు గడియారం చూపించారు. "పదీ ముప్పై అయింది. ముహూర్తం దాటిపోతే నేనొప్పుకోను." దాంతో వధూవరుల్నీ, పంతులుగారినీ, వీడియో తీసేవాణ్ణీ, ఎంత దించినా దిగని చిట్టియ్యనీ ఎక్కించుకుని నావ బయల్దేరింది. పల్లం నడుమకి వచ్చేసరికి ఏరు పక్కకి లాగేసింది. బుల్లియ్య ఒళ్ళంతా వంచి, మునిగిపోయిన కారు పైకప్పుకి గెడ ఆనించి, నావని అలాగే నిలబెట్టాడు. "కదలకండి! ఎవరూ కదలకండి!"

సరిగ్గా పదీ నలభై రెండు. పంతులుగారు మాంగల్యం తీసి పెళ్ళికొడుకు చేతికిచ్చారు. హాలు డాబా మీద చిక్కుకుపోయిన బాజాభజంత్రీల వాళ్ళు చూసి గట్టిమేళం అందుకున్నారు. గట్టు మీద జనం దోసిళ్ళతో అక్షింతలు విసిరారు. అవి పల్లంలో పడి కొట్టుకుపోయాయి. మూడు ముళ్ళూ పడేదాకా గెడ వణికింది, బుల్లియ్య చేతులు వణికాయి, నావ మాత్రం కదల్లేదు.

పదిహేను దఫాలు తిరిగాడు. అందరూ గట్టెక్కారు. ఆఖరి దఫా బుల్లియ్య ఒక్కడూ వస్తుంటే నావ 'రివర్ వ్యూ గార్డెన్స్' ఇనప ఆర్చీకి కొట్టుకుని ముందు చెక్క పగిలింది. గట్టు మీద సత్యప్రసాద్ గారు తడిపంచెతో ఎదురొచ్చి, "బుల్లియ్యా, నీ రుణం..." అని మొదలుపెట్టారు. అంతలో వియ్యంకుడు పిలిస్తే వెళ్ళారు. ఆ వాక్యం పూర్తిచేయడానికి మళ్ళీ రాలేదు.

నీరు తీశాక నష్టం రాసుకోవడానికి ఒక అధికారి వచ్చాడు. నావ చుట్టూ రెండుసార్లు తిరిగి, "వరదకి పడ్డ చిల్లులు ఇంత గుండ్రంగా, ఇంత వరసగా ఉండవయ్యా" అన్నాడు. పైగా వరద రోజున నావ ఏట్లో లేదు, ఫంక్షన్ హాల్లో ఉంది. కాబట్టి అది నావ కిందికి రాదు, ఫర్నిచరు కిందికి వస్తుంది, ఫర్నిచరు హాలు యజమానిది. పులసలు ఆ ఏడు బాగా పడ్డాయని పేటలో అందరూ చెప్పుకున్నారు. బుల్లియ్య వాళ్ళ నావల్లో కూలికి వెళ్ళాడు.

వినాయకచవితి వెళ్ళాక పెద్దింట్లమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని సత్యప్రసాద్ గారింటికి వెళ్ళింది, నావ సంగతి తేలుద్దామని. సూర్యకళ గారు ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి, ఆత్రేయపురం పూతరేకులు పెట్టారు.

"సమయానికి వచ్చారు. ఇవాళే పెళ్ళి సీడీ వచ్చింది. రాజమండ్రిలో అందరూ ఈ పెళ్ళి గురించేనట. ఏట్లో ముహూర్తం! మా వియ్యంకుడు గారు కనబడ్డ వాళ్ళకల్లా ఆయన ఆలోచనేనని చెప్పుకుంటున్నారు. బుజ్జిబాబుకి మాఘమాసం దాకా ఖాళీ లేదట."

టీవీలో ఎర్రటి ఏరు, వెండి నావ, అందులో పెళ్ళికూతురు. పక్కన చిట్టియ్య తిరగేసిన తెడ్డుతో గంభీరంగా నిలబడి ఉన్నాడు. కింద పూల అక్షరాల్లో పేర్లు పడుతున్నాయి. పెద్దింట్లమ్మ మెడ సాచి, తెర ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెతికింది.

"నువ్వేడయ్యా?"

సూర్యకళ గారు కాస్త మొహమాటపడ్డారు. "చొక్కా లేకుండా ఉన్నాడు కదమ్మా, పెళ్ళి సీడీలో బాగోదని... వీడియో అతను మిక్సింగులో కొంచెం సర్దాడు."

బుల్లియ్య వేలు చాపి చూపించాడు. నావ వెనక చివర, గెడ పట్టుకున్న మనిషి ఉండాల్సిన చోట, గులాబీరంగు తామరపువ్వు ఒకటి రేకులు విప్పుకుంటూ గుండ్రంగా తిరుగుతోంది.

"అదిగో. దాని వెనకాలున్నాను."

పెద్దింట్లమ్మ నావ మాట ఎత్తలేదు. మూడు ముళ్ళూ పడేదాకా ఇద్దరూ ఆ పువ్వునే చూశారు.

పువ్వు చాలా బాగా వచ్చింది.